తాడు పట్టిన ఈదన్న

అనగనగా అంటే ఎప్పుడని నన్నడగొద్దు. మీ ముత్తాతకు ముత్తాత పాలు తాగే రోజులనుకోండి. గద్దలకొండ మీద ఈదన్న అనే ముసలాయన ఉండేవాడు. పొలం లేదు, గొడ్డు లేదు. ఉన్నవి మూడే: ఒక నార తాడు, ఒక కత్తి, గురవి అనే కూతురు.

ఆ కొండచరియకు తేనెపట్లు వేలాడేవి. తాడు కట్టుకుని లోయలోకి దిగి కొయ్యాలి. పైన తాడు పట్టేది పిల్లనిచ్చినవాళ్ల మనిషే కావాలని అక్కడి కట్టుబాటు. తమ పిల్ల బొట్టు చెరగాలని ఎవరూ కోరుకోరు గదా. గురవి మొగుడు అంకడికి బామ్మర్దులు లేరు. అందుకని మామే తాడు పట్టేవాడు, మామే పని నేర్పేవాడు.

పట్టు దగ్గరికి చేరాక అంకడు కింద నుంచి, "ఎవరు పట్టింది?" అని కేకేసేవాడు.

"ఈదన్న పట్టాడు. తేనె తల కొయ్యి, పిల్లగూడు వదులు," అని పైనుంచి జవాబొచ్చేది. తేనె తలంటే పట్టు పైన తేనె నిండిన భాగం, పిల్లగూడంటే కింద తేనెటీగ పిల్లలు పెరిగే అరలు.

అంకడు చెడ్డవాడు కాడు, తొందరమనిషి. కింది ఊరి షావుకారు పట్టు బరువు చూసి గింజలిచ్చేవాడు. పిల్లగూడుతో తెస్తే బరువెక్కువ. అంకడు మొదలంటా కొయ్యడం మొదలుపెట్టాడు. ఈదన్న వద్దన్నాడు, తిట్టాడు, బతిమాలాడు. తాడు మాత్రం వదల్లేకపోయాడు. వదిలితే కూతురు ముండమోస్తుంది. ఆ పాపంలో తనకూ పాలుందని ముసలాయన లోలోపల కుమిలిపోయాడు.

మొదటి ఏడాది పట్లు పలచబడ్డాయి. రెండో ఏడాది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మూడో ఏడాది ఒక్కటే. పూల మీద వాలే ఈగ లేక ఇప్ప కాయలేదు, ఉసిరి కాయలేదు, చింత కాయలేదు. జనం ఆకులుడకేసుకుని తిన్నారు. గురవి రొమ్ము ఎండి, చంటిది చచ్చిపోయింది.

దాన్ని పూడ్చిన మర్నాడే అంకడు ఆ ఒక్క పట్టుకీ బయల్దేరాడు. ఆకలి మనిషిని అట్లా చేస్తుంది. ఈసారి తాడు పట్టనని ఈదన్న తెగేసి చెప్పాడు. అంకడు మొండికేసి, తాడు చెట్టుకు కట్టి దిగాడు.

చెట్టు తాడును పట్టుకుంటుందే గానీ, రాయికి ఒరుసుకోకుండా కాయదు. అంకడు పట్టు దగ్గరికి చేరేసరికి పైన నార పుటుక్కు పుటుక్కున తెగుతోంది. తాడు జారింది. ఉన్నట్టుండి ఆగింది.

"ఎవరు పట్టింది?" అన్నాడు అంకడు.

"ఈదన్న పట్టాడు. కొయ్యడమా, వదలడమా, నీ ఇష్టం అల్లుడా."

ఈగలు గుంపుగా పైకి లేచాయి. కత్తి పిల్లగూడు మీదే ఉంది. అంకడికి తన చంటిది కళ్లముందు మెదిలింది. ఏడుస్తూ తేనె తల ఒక్కటే కోసి, పాక్కుంటూ పైకొచ్చాడు.

ఈదన్న అంచు మీద బోర్లా పడి ఉన్నాడు. రెండు చేతులూ రాయికీ తాడుకీ మధ్య ఉన్నాయి. అరచేతుల్లో ఎముక తేలింది. మొహం నిండా ఈగ ముళ్లు. ఊపిరి లేదు. ఆ వేళ్లు తాడు నుంచి విప్పడానికి పరుగున వచ్చిన గురవికి చాలాసేపు పట్టింది. అంకడు సాయానికొస్తే ఆమె రానివ్వలేదు.

ఈగలు మళ్లీ చరియ నిండటానికి పన్నెండేళ్లు పట్టింది. అన్నేళ్లూ అంకడు కత్తి ముట్టలేదు. తర్వాత ఊళ్లో కుర్రవాళ్లకు తనే నేర్పాడు, తన తప్పు దాచకుండా.

ఇప్పటికీ ఆ చరియ దిగినవాడు కోసేముందు ఆగి, "ఎవరు పట్టింది?" అని కేకేస్తాడు. పైన ఉన్నవాడు తన పేరు చెప్పడు.

"ఈదన్న పట్టాడు," అంటాడు.

ఆ మాట విన్నాక ఇంతవరకూ ఏ కత్తీ పిల్లగూటిని తాకలేదు.