పొట్లకాయ ముట్టని దాయాది

అనగనగా ఒక రేవు పట్నం. ఊఁ కొట్టండి మరి, ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు కథ సాగదు!

ఆ పట్నంలో సోమిశెట్టి అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు. పెద్ద మేడ, కొటార్ల నిండా ఉప్పు, రేవులో ఓడలు. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. ఒకనాడు పాపం, భోంచేసి కునుకు తీస్తూనే కన్ను మూశాడు. నా ఆస్తి ఫలానావాడిదని ఒక ముక్క రాయలేదు, ఎవరితోనూ అననూ లేదు.

ఆ రాజ్యాన్ని ఏలేది రాణి నీలాంబ. "సోమిశెట్టి దాయాదులు ఎవరైనా ఉంటే వచ్చి చెప్పుకోండి" అని ఆమె ఊరూరా చాటింపు వేయించింది.

ఇంకేముంది! ముగ్గురు దిగారు.

మొదటివాడు కోనప్ప. సభలో అడుగు పెడుతూనే "అయ్యో బాబాయ్! నన్ను అన్యాయం చేసి పోయావా బాబాయ్!" అని నేలమీద పడి దొర్లాడు. కంట్లో మాత్రం చుక్క నీరు లేదు.

రెండోవాడు జగ్గయ్య. వాడు ఏడవలేదు, సాక్షుల్ని తోలుకొచ్చాడు. "శెట్టిగారు వీడికి పెదనాన్నే! మాకు తెలుసు!" అని సాక్షులంతా ఒక్కసారే అరిచారు.

మూడోవాడు పుల్లన్న. మూట భుజాన వేసుకుని ఊరూరా పసుపు కుంకుమలు అమ్ముకునే మనిషి.

"మా ముత్తాతా, శెట్టిగారి తాతా అన్నదమ్ములట తల్లీ. మా నాన్న చెప్పేవాడు. శెట్టిగారి మొహం నేనెప్పుడూ చూడలేదు. ఉప్పెనలో మా ఇల్లు పోయింది. పిల్లలు పరాయివాళ్ళ చూరు కింద పడుకుంటున్నారు. అందుకే అడగడానికి వచ్చాను" అన్నాడు.

సభంతా పకపకా నవ్వింది. రాణి నవ్వలేదు. "వాదాలు తరవాత. ముందు భోజనాలు కానివ్వండి" అంది.

విస్తళ్ళు వేశారు. పొట్లకాయ వేపుడు, పొట్లకాయ పెసరపప్పు, పొట్లకాయ పెరుగుపచ్చడి. కోనప్ప ముక్కు దాకా లాగించాడు. జగ్గయ్య మారు మీద మారు వడ్డించుకున్నాడు. పుల్లన్న మాత్రం "ఇంత ఉప్పూ మజ్జిగా ఇప్పించండమ్మా, చాలు" అన్నాడు.

రాణి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "ఏం నాయనా, వంట బాగాలేదా?"

"అయ్యో, ఎంతమాట! మేం పొట్లకాయ తినం తల్లీ. మా ఇంటా వంటా లేదు."

"నా ఇంట వడ్డించింది వదిలేస్తే నాకు అవమానం. కొరడా దెబ్బలు తింటావా, పొట్లకాయ తింటావా?"

పుల్లన్న చేతులు జోడించాడు. "దెబ్బలే తింటాను తల్లీ."

"పోనీ, ఒకే ఒక్క ముద్ద తిను. మేడా, కొటార్లూ, ఓడలూ ఈ క్షణమే నీకు ఇచ్చేస్తాను!"

పుల్లన్నకు వానలో ముడుచుకుని పడుకున్న పిల్లలు గుర్తొచ్చారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి విస్తరి దాకా వెళ్ళింది, వెళ్ళి వెనక్కి వచ్చింది.

"వద్దు తల్లీ. వెనకటికి మా వంశంలో ఒక పసిబిడ్డను పొట్లపందిరి కింద పడుకోబెట్టి వాళ్ళమ్మ పనికి పోయిందట. పాము వచ్చి, కాటు వేయకపోగా, బిడ్డకు ఎండ తగలకుండా పడగ పట్టిందట. ఆనాటినుంచీ పాములా వేలాడే ఆ కాయను మేం కొయ్యం, వండం, తినం. శెట్టిగారూ నేనూ ఆ బిడ్డ సంతతివాళ్ళమే. ఈ ముద్ద తింటే నేను ఆయనవాణ్ణి కాకుండా పోతాను. కానివాడికి ఆయన ఆస్తి ఎందుకమ్మా?"

రాణి మొహం వెలిగిపోయింది. "భళా పుల్లన్నా! సోమిశెట్టి మా ఇంట ఎన్నోసార్లు భోంచేశాడు. ఏనాడూ పొట్లకాయ ముట్టలేదు. ఎందుకయ్యా అని అడిగితే ఈ కథే చెప్పాడు. ఆస్తి నీదే!"

జగ్గయ్య గతుక్కుమన్నాడు. "నేనూ తిననమ్మా! ఇవాళ ఏదో మొహమాటానికి..."

"మొహమాటానికి ముమ్మారు వడ్డించుకున్నావా? శెట్టికి ఎంత ఉందో ఆరా తీశారు గాని, ఏం తినడో ఆరా తీయలేదు మీరిద్దరూ! పోండి, తిన్న పొట్లకాయ అరిగేదాకా పుల్లన్న కొటార్లలో ఉప్పు బస్తాలు మోయండి!" అంది రాణి.

సాక్షులా? వాళ్ళు అప్పటికే గోడ దూకేశారు.

పుల్లన్న పిల్లల్ని బండి కట్టించి రప్పించారు. మేళతాళాలతో అందర్నీ మేడకు తీసుకెళ్ళారు. పుల్లన్న ముందుగా, తాను ఎన్నడూ మొహం చూడని ఆ పెద్దాయనకు పిండం పెట్టాడు. ఆ తరవాతే సొంత చూరు కింద పిల్లలతో కూర్చుని ముద్ద నోట పెట్టుకున్నాడు. కడుపు నిండింది, కళ్ళూ నిండాయి.

ఆస్తి కోసం చుట్టరికం కలుపుకున్నవాడికి రెండూ దక్కవు; చుట్టరికం కోసం ఆస్తిని వదులుకోగలవాడికి రెండూ దక్కుతాయి.