జానెడు పెరిగిన గుమ్మం

కాళ్ళు కడుక్కున్నావా? ఏవీ, ఇలా నా ఒళ్ళో పెట్టు చూద్దాం. ఇదుగో, మడమ మీద ఇంకా ఇంత మట్టి. సర్లే, కొంగుతో తుడుస్తాలే. ఇవి మామూలు కాళ్ళు కావు తల్లీ. ఎందుకంటావా? కథ అయ్యాక చెబుతా. ఊఁ కొడుతూ విను. నువ్వు ఊఁ ఆపితే నేను కథ ఆపేస్తా.

అనగనగా ఒక ఊళ్ళో నడుం వంగని మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు కొండలరాయుడు. పేరుకి తగ్గట్టే ఉండేవాడు, ఎక్కడా వంపు లేకుండా. చెప్పులు వేసుకోవాలంటే పాలేరు తొడగాలి. ఉత్తరీయం జారిపడితే భార్య తీసి భుజాన వెయ్యాలి. అన్నంలో రాయి ఉంటే మాత్రం, ఎంత అడుగున ఉన్నా ఆయనకి కనపడేది.

ఆ ఊరి చెన్నకేశవస్వామి గుడికి ఆయనే ధర్మకర్త. ఆ గుడి గుమ్మం పొట్టిది. కట్టినవాళ్ళు కావాలనే పొట్టిగా కట్టారు. రాజైనా రోజుకూలైనా తల వంచితేగానీ లోపలికి పోలేడు. కొండలరాయుడు ధర్మకర్త అయిన ఏడాదే ఏం చేశాడో తెలుసా? పైరాయి ఊడదీయించి, గుమ్మాన్ని జానెడు ఎత్తు పెంచేశాడు. తలపాగాతో సహా నిటారుగా లోపలికి పోవడానికన్నమాట!

"కిరీటం చేయించింది నేను. మళ్ళీ దండం కూడా నేనే పెట్టాలా?" అనేవాడు. స్వామి ఎదుట చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కిరీటం తళతళలాడుతోందో లేదో చూసుకుని వచ్చేసేవాడు. స్వామి రాయి కాబట్టి ఊరుకున్నాడు పాపం.

ఏటా స్వామి కల్యాణం నాడు ఆ గుళ్ళో ఒక మర్యాద ఉంది. స్వామివారి వస్త్రం తెచ్చి ధర్మకర్త తలకి చుడతారు. దాన్ని పరివట్టం అంటారు. ధర్మకర్త నిటారుగా నిలబడి కట్టించుకోవాలి, అది ఆచారం. ఊరు ఊరంతా చూస్తుంది. ఆ ఒక్క ఘడియ కోసం ఆయన ఏడాదంతా ఛాతీ పెంచుకునేవాడు.

ఆయన భార్య పేరు సూరాంబ. ఆ పేరు ఊరందరికీ తెలుసు. ఆయనకి తెలుసో లేదో అనుమానమే. ముప్పై ఏళ్ళుగా "ఒసేయ్" అనే పిలిచాడు. ఆవిడ "ఏమండీ, ఒక మాట" అంటే చాలు, "నీకేం తెలుసు, ఫో" అనేవాడు. దాంతో ఆవిడకి తెలిసినవన్నీ పప్పు డబ్బాల వెనకాల వంటింట్లోనే ఉండిపోయాయి.

కల్యాణం పది రోజులుందనగా, ఒక పొద్దున ఏమైందంటే, అటక మీంచి గుమ్మడికాయ ఒకటి దొర్లిపడింది. పడి, సరిగ్గా ఆయన దారికి అడ్డంగా కూర్చుంది. పాలేరు పొలం వెళ్ళాడు. సూరాంబ పొయ్యి దగ్గరుంది. రెండుసార్లు కేకేశాడు. ఎవరూ రాలేదు. అప్పుడు ఆ మహానుభావుడు ఒళ్ళు మండి, బుద్ధెరిగాక మొదటిసారి వంగాడు.

కటుక్కుమంది.

అంతే. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చేతిలో గుమ్మడికాయ కూడా అలాగే ఉండిపోయింది.

దేవుడు శిక్షించాడా అంటావా? ఛ, దేవుడికి గుమ్మడికాయలు దొర్లించడమేనా పని? తెరవని తాళం తుప్పు పట్టినట్టు, వంచని నడుం పట్టేసింది. కాకపోతే నొప్పి ఉంది చూశావూ, అది ఎవరు పంపినా, ఎన్నడూ చూడనివి చూపించి మరీ పోతుంది.

అప్పుడు కొండలరాయుడు వైద్యుడి ఇంటికి బయల్దేరాడు, వంగినవాడు వంగినట్టే. వీధి మలుపులో కుమ్మరివాళ్ళ గాడిద ఎదురైంది. ఊరి పెద్దమనిషి తనకి నడుం వంచి దండం పెడుతున్నాడనుకుంది. మర్యాద తెలిసిన గాడిద. గొంతెత్తి ఓండ్ర పెట్టి మరీ అందుకుంది.

ఆ తర్వాత చల్ల అమ్ముకునే పేరంటాలనే ముసలమ్మ ఎదురైంది. చెయ్యెత్తి, "చల్లగా ఉండు నాయనా! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది" అని దీవించింది.

"దండం కాదే ముసలీ! నడుం పట్టేసింది!" అని అరిచాడు.

"ఏదైతేనేం నాయనా, వంగావు కదా!" అని తట్ట సర్దుకుని పోయింది.

ఆ తర్వాత వైద్యుణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు. తల నేలకేసే ఉందిగా, గడప ముందు ముగ్గు కనపడింది. ఎంత ముగ్గనుకున్నావు! చుక్క తప్పకుండా, గీత వణక్కుండా, తామరపువ్వులో తామరపువ్వు. దాని మధ్యలో పొద్దున తనే వేసిన చెప్పు అడుగు.

"ఒసేయ్, ఈ ముగ్గెవరు వేశారు?"

"నేనేనండీ."

"ఎప్పట్నుంచి?"

"కాపురానికొచ్చిన మర్నాటి నుంచి."

 ఈసారి లోపలికి పోతూ ముగ్గు పక్కనుంచి పోయాడు.

వైద్యుడు ముందు ఆముదం మర్దనా చేయించాడు. ఇల్లంతా జిడ్డు, నడుం మాత్రం కదల్లేదు. సూరాంబ గుమ్మం దాకా వచ్చి, "ఏమండీ, ఒక మాట" అంది. "నీకేం తెలుసు, ఫో" అన్నాడు.

ఆ తర్వాత వేడి ఇసుక మూటతో కాపడం పెట్టించాడు. వీపు ఎర్రబడింది, నడుం కదల్లేదు. సూరాంబ మళ్ళీ వచ్చి, "ఏమండీ" అంది. "ఫో" అన్నాడు.

ఆ తర్వాత కొండలరాయుడు గుడి వైపు తిరిగి మంచం మీంచే మొక్కుకున్నాడు. మొక్కంటే మొక్కు కాదులే, బెదిరింపు. "స్వామీ, కల్యాణంలోగా నన్ను నిలబెట్టావా, వెండి గొడుగు చేయిస్తా. నిలబెట్టలేదో, ఉన్న కిరీటం కూడా పట్టుకుపోతా!" స్వామి ఉలకలేదు, పలకలేదు. సూరాంబ మూడోసారి వచ్చింది. ఈసారి నోరు తెరవకముందే "ఫో" అన్నాడు.

అప్పుడు వైద్యుడు తల గోక్కుని, "ఇక ఒక్కటే దారి దొరగారూ. తల్లి కడుపులోంచి అందరూ తల ముందు పెట్టి వస్తారు. ఎక్కడో ఒకరు కాళ్ళు ముందు పెట్టి వస్తారు. అలా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు పరగడుపున మూడు తన్నులు తంతే, ఎలాంటి పట్టయినా వదులుతుంది" అన్నాడు.

"నన్నా? తన్నడమా?" అని కొండలరాయుడు లేవబోయాడు. లేవలేకపోయాడు. ఒక గంట మూలిగి, "సరే, బండి కట్టించు" అన్నాడు.

మొదటి ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టినాయన ఒకడున్నాడు. తొంభై ఏళ్ళు. కాలెత్తితే ఆయనే పడిపోయేలా ఉన్నాడు. రెండో ఊళ్ళో అలా ఒక ఆడపిల్ల పుట్టిందన్నారు. తీరా వెళ్తే, "ఎదురుకాళ్ళ పిల్ల మేనమామకి గండం అంటారయ్యా, అందుకని ఆ మాట ఎక్కడా అనం. మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరు" అని తలుపేసేశారు. మూడో ఊళ్ళో ఉన్నది దూడ. అది తన్నడానికి సిద్ధంగానే ఉంది. ఈయనే వద్దన్నాడు.

నవ్వుతావేం? పాపం, బండి ఎగిరినప్పుడల్లా ఆయనకి ప్రాణం పోయి వచ్చింది. తెల్లారితే కల్యాణం. పరివట్టం ఇంకెవరి తలకో చుడతారు. తను మంచం మీద పడి మేళాలు వింటాడు. అది తల్చుకుని, ముప్పై ఏళ్ళలో కంట నీరు పెట్టని మనిషి బండిలో వెక్కివెక్కి ఏడ్చాడు.

సందెవేళకి బండి ఊళ్ళోకొచ్చింది. గుడి ముందు ఆపమన్నాడు. కర్ర ఊతంతో లోపలికి వెళ్ళాడు. స్వామి ముఖం వంక చూద్దామంటే తల లేవదు. తను చేయించిన కిరీటం చూద్దామంటే అదెక్కడో ఆకాశంలో ఉంది. కళ్ళకి అందినంత మేరా కనపడ్డవి స్వామి పాదాలే.

ఇన్నేళ్ళుగా ఆ గుళ్ళో తిరిగాడా, ఆ పాదాల్ని చూడటం అదే మొదటిసారి. చిన్నపిల్లాడి పాదాల్లా ఉన్నాయి. వేళ్ళు అరిగిపోయాయి. ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది చేతులు తాకితే రాయి అంతలా అరుగుతుంది! ఎవరెవరు వచ్చి ఉంటారు? బిడ్డ జ్వరంతో ఉన్న తల్లి, వానలు లేని రైతు, పేరంటాలు లాంటి ముసలి. అందరి బాధా ఆ వేళ్ళ మీద నునుపుగా మిగిలిపోయింది. ఒక్క తన చెయ్యే తగల్లేదు.

కొండలరాయుడు మెల్లిగా చెయ్యి చాపి ఆ వేళ్ళు తాకాడు. వెండి గొడుగు మాట ఎత్తలేదు. బెదిరించలేదు. "స్వామీ, లేపితే లేస్తాను. లేపకపోతే ఇలాగే నీ కాళ్ళు చూసుకుంటూ ఉంటాను. ఇన్నాళ్ళూ తప్పు చోట చూశాను" అన్నాడు. అని, ఇంటికెళ్ళాడు. నడుం అలాగే ఉంది. నొప్పి అలాగే ఉంది. గుండెలో బరువు మాత్రం ఎవరో కిందికి దించినట్టయింది.

ఇంటికెళ్తే సూరాంబ మంచినీళ్ళు తెచ్చి ఎదుట నిలబడింది. తల వంచుకునే ఉన్నాడుగా, ఈసారి ఆవిడ పాదాలు కనపడ్డాయి. మడమలు బీటలు వారి ఉన్నాయి, వానల్లేని చేనులా. ఒక బీటలో నెత్తురు ఎండింది.

"కాళ్ళు నొప్పులుగా ఉన్నాయా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆవిడ గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఉప్పెందుకు తక్కువైంది, నీళ్ళెందుకు చల్లారాయి, అలాంటివి ప్రశ్నలు కావులే. సూరాంబ చెంబు కింద పెట్టింది. గోడకి ఆనుకుని కూర్చుంది.

"నొప్పులుగానే ఉన్నాయండీ. అడిగారు కాబట్టి చెబుతున్నా. ఈ కాళ్ళే ముందు భూమ్మీదికొచ్చాయి. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను."

కొండలరాయుడు నోరు తెరిచాడు. కాసేపు మూసుకోవడం మర్చిపోయాడు.

"మరి ముప్పై ఏళ్ళుగా చెప్పలేదేం?"

"చెబితే మీ అమ్మగారు ఈ గడప తొక్కనిచ్చేదా? ఎవరికీ చెప్పనని మా అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది."

"పోనీ, ఈ తొమ్మిది రోజుల్లో? మూడూళ్ళు తిరిగానే! దూడ దాకా వెళ్ళానే!"

"ఒట్టు పోతే పోనీ, ఈ వైద్యం నా కాళ్ళలోనే ఉందని వైద్యుడికంటే ముందే చెబుదామని మూడుసార్లొచ్చా. మూడుసార్లూ 'ఫో' అన్నారు. పోయా."

కింద పెట్టిన చెంబు ఆయనే తీసి ఆవిడ చేతికిచ్చాడు.

తెల్లారింది. కల్యాణం రోజు. పరగడుపున కొండలరాయుడు చాప మీద బోర్లా పడుకున్నాడు. సూరాంబ పక్కన నిలబడి చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపింది. ఒక్కసారి ఆగింది. "భర్తని కాలితో తంతే నరకమంటారండీ."

"ఏ శాస్త్రుల్లు చెప్పాడు?"

"చెప్పినవాళ్ళంతా మగాళ్ళే."

"అయితే వాళ్ళకి నడుం పట్టలేదన్నమాట. తన్నవే."

మొదటిసారి బొటనవేలితో ముట్టీ ముట్టనట్టు తాకింది. "ఇది తన్నా? ఈగని తోలడమా?" అన్నాడు.

రెండోసారి, ఆవిడకి ఏం గుర్తొచ్చిందో ఏమో, ఒక్కటిచ్చింది! అందులో ముప్పై ఏళ్ళ "ఒసేయ్"లున్నాయి. "నీకేం తెలుసు"లున్నాయి. చెప్పు అడుగు పడ్డ ముగ్గులన్నీ ఉన్నాయి. ఆయన అరిచిన అరుపుకి వీధి చివర గాడిద మళ్ళీ అందుకుంది.

"మూడోది వద్దులెండి" అంది ఆవిడ, భయపడి.

కొండలరాయుడు చాపలో ముఖం పెట్టుకునే, "కానివ్వు సూరాంబా" అన్నాడు.

ఆ పేరు ఆ ఇంట్లో అప్పుడే మొదటిసారి వినపడింది. ఆవిడ పాదం మెల్లిగా ఆయన నడుం మీద ఆనించి, కళ్ళు మూసుకుని, "చెన్నకేశవా, నీదే భారం" అని బలంగా ఒక్క తొక్కు తొక్కింది.

టక్!

ఆయన లేచాడు. నిటారుగా. వంపు లేకుండా, వెనకటి కొండలరాయుడిలాగే.

గుడి దగ్గర మేళాలు మోగుతున్నాయి. ఊరంతా వచ్చింది. ధర్మకర్త వస్తున్నాడు దారివ్వండన్నారు. ఆయన పక్కన సూరాంబ నడుస్తోంది. వెనక కాదు, పక్కన. గుడి గుమ్మం ముందుకొచ్చారు. తను జానెడు పెంచిన గుమ్మం. తలపాగా పెట్టుకున్నా ఇంకా రెండు వేళ్ళ ఖాళీ ఉంది.

కొండలరాయుడు తలపాగా తీశాడు. నడుం వంచాడు. వంగి, లోపలికి అడుగు పెట్టాడు.

పేరంటాలు పరుగున వచ్చి, "అయ్యో నాయనా, మళ్ళీ పట్టేసిందా?" అంది.

"లేదు పెద్దమ్మా" అన్నాడు ఆయన, వంగే ఉండి. "ఇప్పుడే వదిలింది."

అదీ కథ. ఇప్పుడు లే. లేచి, నెమ్మదిగా నా నడుం మీద ఎక్కు. నువ్వు పుట్టినప్పుడు, "ఆడపిల్ల, అదీ ఎదురుకాళ్ళతో" అని మూతులు ముడుచుకున్నవాళ్ళున్నారులే. ఇప్పుడు వాళ్ళే, నడుం పట్టేస్తే, "చిట్టితల్లి ఉందా అమ్మా" అని మన గుమ్మం దగ్గరే వంగి నిలబడుతున్నారు. అదుగో, అక్కడే. ఇంకాస్త గట్టిగా. హమ్మయ్య.

కథ చూస్తే కంచికి పోయె,
గర్వం చూస్తే గంగలో పోయె,
పట్టిన నడుం పట్టు వదిలె,
పలకని పేరు పలకనే పలికె,
చిట్టి పాదాలు దుప్పట్లోకి,
చెన్నకేశవుడు మన కలల్లోకి.