అరవై చింతగింజల పన్ను

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ గలగలా పారే ఒక వాగు. వాగు ఒడ్డున వారానికో సంత. ఆ సంతలో అందరికన్నా ముందు సరుకు అయిపోయే కొట్టు ఎవరిదో తెలుసా? ఎలుగుబంటి గుబురయ్యది!

గుబురయ్య ఇప్పపూలు ఎండబెట్టేవాడు. వేయించేవాడు. దంచి, తేనె కలిపి, గుండ్రటి ఉండలు చుట్టేవాడు. ఒక్కో ఉండ ఒక్క గవ్వ. ఆ అడవిలో డబ్బంటే గవ్వలే మరి. జింకలూ, కుందేళ్ళూ, అడవిపందులూ పొద్దున్నే వచ్చి వరస కట్టేవి. మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ.

గుబురయ్య చేతివంట మంచిది. కానీ ఆ చేతికి ఒక అలవాటుండేది. వచ్చిన గవ్వలన్నీ ఒకే కుండలో పోసేవాడు. ఏది కావాలన్నా ఆ కుండలోంచే తీసేవాడు. కొట్టుకు తేనె కొన్నా అందులోంచే, ఇంటికి చాప కొన్నా అందులోంచే.

అతని భార్య పేరు చింతాలు. ఆమె ఒకరోజు అడిగింది.

"ఏమయ్యా, కొట్టు గవ్వలూ ఇంటి గవ్వలూ కలిపేస్తే మనకు మిగిలిందెంతో ఎట్లా తెలుస్తుంది?"

"కుండ మనది, గవ్వలు మనవి. తెలిసేదేముందే?" అని గుబురయ్య నవ్వేశాడు.

ఆ నెల మొదటి సంత బాగా జరిగింది. గుబురయ్య పిల్లలకు ఊడలతో అల్లిన ఉయ్యాల కొన్నాడు. కుండలోకి తొంగి చూసి, "ఇంకా ఉన్నాయిలే!" అన్నాడు.

రెండో సంత అయ్యాక బావమరిది వచ్చాడు. ఒక్కడే వస్తే ఏం పోయింది, పదకొండు మందిని వెంటబెట్టుకొచ్చాడు. మూడు రోజులు ఒకటే విందు. గుబురయ్య కుండలో చెయ్యి పెట్టి, "ఇంకా ఉన్నాయిలే!" అన్నాడు.

మూడో సంత రోజున నెమలి ఈకల గొడుగొకటి కనబడింది. కొట్టు మీద అది పెడితే ఎంత బాగుంటుంది! కొనేశాడు. ఈసారి గవ్వల కోసం కుండ అడుగుదాకా చెయ్యి పెట్టాల్సి వచ్చింది. అయినా, "ఇంకా ఉన్నాయిలే!" అన్నాడు.

నాలుగో సంత అయింది. తేనెటీగలకు తేనె బాకీ తీర్చాడు. ఇంతలో పౌర్ణమి వచ్చింది.

పౌర్ణమి రోజున ఆ సంతలో అందరూ పన్ను కట్టాలి. నోట్లో ఉండే పన్ను కాదర్రా, నవ్వకండి! సంత పన్ను. పది గవ్వల సరుకు అమ్మితే ఒక గవ్వ సంతకు ఇవ్వాలి. ఆ గవ్వలతోనే వాగు మీద దుంగల వంతెన వేశారు. దారిలో ముళ్ళు ఏరించారు. కష్టకాలానికని కొన్ని దాచారు కూడా. ఇవన్నీ చూసుకునేది ఏనుగు పెద్దమ్మ.

ఆ పొద్దున గుబురయ్య తల గోక్కుంటూ కూర్చున్నాడు. "చింతాలూ, ఈ నెల మనం ఎంత అమ్మామో?"

చింతాలు లోపలికెళ్ళి ఒక ఆకు దొన్నె తెచ్చింది. దాని నిండా చింతగింజలు.

"పది గవ్వల సరుకు అమ్మినప్పుడల్లా ఒక గింజ వేస్తూ వచ్చాను. లెక్కపెట్టు" అంది.

గుబురయ్య లెక్కపెట్టాడు. అరవై గింజలు! అంటే అమ్మింది ఆరువందలు. పన్ను అరవై గవ్వలు.

తర్వాత కుండ బోర్లించాడు. టక్, టక్, టక్... పడ్డవి పదిహేను.

"ఆరువందల గవ్వలు వచ్చాయా నా చేతికి! ఎటు పోయాయే?" అన్నాడు గుబురయ్య.

"వచ్చినవన్నీ మనవే అనుకున్నాం. అందులో సంతవి అరవై ఉన్నాయని మరిచిపోయాం" అంది చింతాలు మెల్లగా.

పన్ను కట్టనివాళ్ళ కొట్టు మూసేస్తారని సంతలో అందరికీ తెలుసు. గుబురయ్య కాళ్ళీడ్చుకుంటూ బయల్దేరాడు. దారిలో ముంగిస చలమయ్య ఎదురయ్యాడు. అతనిది పక్క కొట్టే. వేయించిన ఉసిళ్ళు, అదే రెక్కల చెదపురుగులు, అమ్ముతాడు. కరకరలాడుతూ భలే ఉంటాయి.

"ఏం బావా, ముఖం అట్లా వేలాడేశావు?" అన్నాడు చలమయ్య.

గుబురయ్య సంగతంతా చెప్పాడు. చలమయ్య కిచకిచా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! నూట యాభై అమ్మానని చెప్పు. పదిహేను కట్టేసి వచ్చెయ్. నేను ఐదువందలు అమ్మాను. వందే అని చెబుతా. పెద్దమ్మ ఎవర్నీ తరచి అడగదు. చెప్పింది నమ్ముతుంది, అంతే!"

గుబురయ్య ఆగిపోయాడు. పదిహేను చేతిలోనే ఉన్నాయి. ఒక్క మాట చెబితే చాలు, గండం గట్టెక్కుతుంది.

పన్ను కట్టేచోట చలమయ్యే ముందు నిలబడ్డాడు. "వంద గవ్వల అమ్మకం పెద్దమ్మా! ఇదిగో పది" అని ఇచ్చేసి, తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత గుబురయ్య వంతు.

"ఎంత అమ్మావు నాయనా?" అని పెద్దమ్మ తొండం చాపింది.

గుబురయ్య నోరు తెరిచాడు. నూట యాభై అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ కళ్ళలోకి చూశాడు. ఆ మాట బయటికి రాలేదు.

"ఆరువందలు పెద్దమ్మా. అరవై కట్టాలి. నా దగ్గర పదిహేనే ఉన్నాయి. తెలివితక్కువగా ఖర్చుపెట్టేశాను" అంటూ తల వంచుకున్నాడు.

పెద్దమ్మ కాసేపు చెవులు విసురుకుంది. "నిజం చెప్పావు. కాబట్టి కొట్టు మూయను. ఈ పదిహేనూ ఇచ్చి, మిగతాది వచ్చే మూడు సంతల్లో పదిహేనేసి చొప్పున కట్టు. ఆలస్యానికి చివర్లో ఐదు ఎక్కువ ఇవ్వాలి. అది తప్పదు" అంది.

"తప్పకుండా పెద్దమ్మా!" అని గుబురయ్య గబగబా ఇంటికి పరిగెత్తాడు.

అప్పుడు చింతాలు ఏం చేసిందో తెలుసా? మూడు కుండలు వరసగా పెట్టింది. "ఇది సరుకు కుండ. తేనెకూ ఇప్పపూలకూ ఇందులోంచే. ఇది పన్ను కుండ. దీన్లో చెయ్యి పెట్టావా, నా చేతిలో అయిపోతావు! ఇది ఇంటి కుండ. ఉయ్యాలలూ విందులూ ఇందులో మిగిలితేనే" అంది.

గుబురయ్య నెమలి ఈకల గొడుగు అమ్మేశాడు. ఆ నెల మళ్ళీ బావమరిది వస్తే గంజి, ఉప్పు, ఉల్లిపాయ పెట్టాడు. బావమరిది ఒక్క పూటే ఉన్నాడు. మూడు సంతల్లో బాకీ తీరిపోయింది.

కొన్ని పౌర్ణములు గడిచాయి. గుబురయ్య ప్రతిసారీ అరవై గవ్వలు తెచ్చి కట్టేవాడు. చలమయ్య ప్రతిసారీ పది కట్టేవాడు. "పిచ్చి బావా! యాభై గవ్వలు ఊరికే పోగొట్టుకుంటున్నావు" అని ఆటపట్టించేవాడు. గుబురయ్యకు ఒక్కోసారి నిజమేనేమో అనిపించేది. అయినా కట్టేవాడు.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కొండ మీద కుంభవృష్టి కురిసింది. వాగు పొంగి సంతలోకి వచ్చేసింది! అందరూ ప్రాణాలు దక్కించుకుని గట్టెక్కారు. కొట్లు మాత్రం కొట్టుకుపోయాయి. గుబురయ్య రోలు పోయింది, జాడీలు పోయాయి. చలమయ్య పెనం పోయింది, పందిరి పోయింది, ఇంట్లో దాచుకున్న గవ్వల మూట కూడా పోయింది.

నీళ్ళు తీశాక పెద్దమ్మ అందర్నీ పిలిచింది.

"కష్టకాలానికని దాచిన గవ్వలున్నాయి. పౌర్ణమికి ఎవరెంత పన్ను కట్టారో, దానికి మూడు రెట్లు సాయం ఇస్తాం. పెద్ద కొట్టుకు పెద్ద నష్టం, చిన్న కొట్టుకు చిన్న నష్టం కదా!"

గుబురయ్యకు నూట ఎనభై గవ్వలు వచ్చాయి. చింతాలు కళ్ళు తుడుచుకుంది.

చలమయ్యకు ముప్పై వచ్చాయి.

"ముప్పయ్యేనా? ఇది పెనానికి కూడా చాలదు! నాది చిన్న కొట్టు కాదు పెద్దమ్మా! నెలకు ఐదువందలు అమ్మేవాణ్ణి!" అని చలమయ్య అరిచాడు.

సంతంతా అటే తిరిగింది. కుందేళ్ళు కూడా నమలడం ఆపేశాయి.

"ప్రతి పౌర్ణమికీ వంద అన్నావు. ఇప్పుడు ఐదువందలు అంటున్నావు. ఏ మాట నమ్మమంటావు నాయనా?" అంది పెద్దమ్మ.

చలమయ్య తోక నేలకు ఆనింది. "నమ్మాల్సింది ఇప్పటి మాటే పెద్దమ్మా. నెలకు నలభై చొప్పున ఎగ్గొట్టాను. అది తిరిగి కట్టేస్తాను" అన్నాడు.

"కట్టినప్పటి నుంచే లెక్క మారుతుంది. ఈసారికి సాయం ముప్పయ్యే" అంది పెద్దమ్మ.

ముప్పై గవ్వలు పట్టుకుని చలమయ్య ఒక బండ మీద కూర్చున్నాడు. గుబురయ్య వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు.

"బావా, నేను వేసే కొత్త పొయ్యి పక్కన చోటుంది. మా ఇంట్లో పాత పెనం ఉంది. తెచ్చుకో. బాగుపడ్డాక తిరిగిద్దువు."

"నీకు తప్పుదారి చూపించినవాణ్ణి కదా నేను. నాకెందుకిస్తావు?"

"నీ ఉసిళ్ళు నమలకపోతే నాకు సంతకు వచ్చినట్టే ఉండదు బావా!"

చలమయ్యకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తర్వాతి పౌర్ణమికి పన్ను వరసలో అందరికన్నా ముందు నిలబడింది ఎవరనుకున్నారు? చలమయ్యే! సంతంతటికీ వినబడేలా గొంతెత్తాడు.

"రెండు వందల డెబ్బై గవ్వల అమ్మకం పెద్దమ్మా! ఇదిగో పన్ను ఇరవై ఏడు. ఇదిగో పాత బాకీలో పది. ఎంచి చూసుకోండి!"

పెద్దమ్మ ఎంచలేదు. నవ్వి, తొండంతో అతని వీపు తట్టింది. ఆ తట్టుకి చలమయ్య రెండు పల్టీలు కొట్టి, లేచి, తోక నిక్కబొడుచుకుని ఉసిళ్ళు వేయించడానికి వెళ్ళాడు.

నీతి: చేతికి వచ్చిందంతా మనది కాదు, ఎవరి వాటా వారికి ముందే తీసిపెట్టి, ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పేవాడి కొట్టు వరద వచ్చినా మళ్ళీ లేస్తుంది.