ఎలుగమ్మ కడుపు మీది బొచ్చు

అనగనగా ఒక అడవిలో ఒక వైద్య కళాశాల ఉండేది. మనుషులైతే దాన్ని పశువైద్య కళాశాల అంటారు. తాము పశువులమన్న సంగతి అక్కడివాళ్ళకి ఎవరూ చెప్పలేదు కాబట్టి, వాళ్ళు ఉత్త వైద్య కళాశాల అనే అనుకునేవారు. పిల్లలూ, ముందే చెబుతున్నాను. మధ్యలో ఎవరైనా "ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగారంటే కథ ఆపేసి లేచి వెళ్ళిపోతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

అక్కడ స్కానింగ్ పాఠం చెప్పేది గబ్బిలం మేడం. చెవికి వినపడని శబ్దంతో చూడటం ఆవిడకి పుట్టుకతో వచ్చిన విద్య. దూలానికి తలకిందులుగా వేలాడుతూ పాఠం చెప్పేది.

"శ్రద్ధగా వినండి" అంది ఒకరోజు. "నేను కూత వేస్తాను. ఆ శబ్దం గాలిలో పోయి పురుగు ఒంటికి తగులుతుంది. తగలగానే వెనక్కి వచ్చేస్తుంది. లోపలికి పోదు. గాలిలోంచి ఒంట్లోకి దూరడం దానికి చేతకాదు. నాకు పురుగు దొరికేది అందువల్లే. మరి రోగి కడుపు లోపలికి చూడాలంటే? మధ్యలో గాలి ఉండకూడదు. బొచ్చు నిండా గాలే. అందుకని ముందు బొచ్చు గీకండి. తరవాత కలబంద గుజ్జు దట్టంగా రాయండి. అప్పుడు మిషను ప్రోబు, అదే శబ్దం పంపే పిడి, కడుపుకి ఆనించండి. ఎముక మీద మాత్రం పెట్టకండి. దాని వెనక అంతా చీకటే కనిపిస్తుంది."

ముంగిస చెయ్యెత్తింది.

"మేడం, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు. రోగి దగ్గర వస్తుంది."

"అయితే వద్దులెండి" అని ముంగిస పుస్తకం మూసేసింది.

ముంగిస మహా తెలివైనది. ఆ మాట అదే చెప్పుకునేది, వేరేవాళ్ళకి శ్రమ ఎందుకని. "వైద్యం చేసేవాడికి శబ్దం ఎటు పోతే ఏంటి, ఎటు వస్తే ఏంటి?" అనేది. స్కానింగ్ బొమ్మల పుస్తకం కొని రెండువందల బొమ్మలు బట్టీ పట్టింది. తెల్లగా ఉంటే ఇది, నల్లగా ఉంటే అది. పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. తగ్గిన రెండు మార్కుల కోసం మూడు రోజులు పోట్లాడింది. తరవాత వాగు ఒడ్డున బోర్డు కట్టింది: "ముంగిస డాక్టరు. నిమిషంలో స్కానింగ్."

మొదటి రోగి ఒక కుందేలు. గూట్లో పరుచుకోవడానికి పొట్ట మీది బొచ్చంతా తనే పీక్కుంది. పైగా వాగు దాటి తడిసి ముద్దై వచ్చింది. ముంగిస ప్రోబు ఆనించింది. మిషను తెర మీద నాలుగు పిల్లలు చక్కగా కనిపించాయి.

"చూశారా, నా హస్తవాసి!" అంది ముంగిస.

రెండో రోగి తాబేలు తాత.

"నాలుగు దోసకాయలు తిన్నానురా డాక్టరూ. అరగక చస్తున్నాను" అన్నాడు తాత.

ముంగిస డిప్ప మీద ప్రోబు పెట్టింది. డిప్ప అంటే ఎముకే కదా. అంతా నలుపు.

"తాతగారూ, మీ పొట్ట ఖాళీ. ఇంకో నాలుగు తినండి" అంది.

చదువుకున్న డాక్టరు చెప్పాక కాదనేదేముంది? తాత మూలుగుతూనే దోసపాదు వైపు నడిచాడు.

వారం తరవాత ఎలుగుబంటి ఎలుగమ్మ వచ్చింది. కొండంత మనిషి, గొంతు మాత్రం చీమంత.

"డాక్టరు బాబూ, పోయినేడు నా కడుపు నిలవలేదు. ఇప్పుడు లోపల ఏదో కదిలినట్టు ఉంటోంది. బిడ్డో కాదో చూసి చెప్పు నాయనా. భయంగా ఉంది" అంది.

"గ్యాసు కదిలినా అలాగే ఉంటుందమ్మా. పడుకోండి."

"గబ్బిలం మేడం అయితే ముందు బొచ్చు గీకుతారటగా?"

కత్తి పక్కనే ఉంది. కలబంద గుజ్జు కుండ కూడా పక్కనే ఉంది. ముంగిస తన మార్కుల పట్టీ పడిపోకుండా ఆ కుండకే ఆనించి పెట్టుకుంది. బొచ్చు గీకాలంటే అరగంట పడుతుంది. బోర్డు మీద చూస్తే నిమిషం అని రాసి ఉంది.

"అదంతా పాతకాలం పద్ధతమ్మా. ఇంత అందమైన బొచ్చు పాడుచేస్తానా?" అని ముంగిస ఆ గుబురు మీదే ప్రోబు పెట్టింది.

పైన నాలుగు తెల్ల గీతలు. కింద అంతా నలుపు.

"అచ్చం నలభై ఏడో బొమ్మ! బిడ్డా లేదు, గిడ్డా లేదు. ఈ కషాయం తాగండి, కడుపు మొత్తం కడిగేస్తుంది."

ఎలుగమ్మ గిన్నె అందుకుంది. "ఒకవేళ లోపల బిడ్డ ఉంటే?"

"ఉంటే నిలవదు. కానీ లేదు కదా! నేను చూశానుగా."

ఎలుగమ్మ కళ్ళు తుడుచుకుంది. గిన్నె నోటి దాకా ఎత్తింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మూలుగు వినపడింది. తాబేలు తాత. తిట్టడానికి మూడు రోజుల క్రితమే బయలుదేరి, ఇప్పటికి చేరాడు.

"ఒరే డాక్టరూ! నిండిన పొట్టని ఖాళీ అన్నావు కదరా! ఇంకో నాలుగు తినమన్నావు కదరా! పైప్రాణం పైనే పోయేది!"

ఎలుగమ్మ గిన్నె దించింది.

"తాతా, నీకూ నలుపే కనిపించిందా?"

"నలుపేనమ్మా. కాటుక నలుపు."

ఎలుగమ్మ ఒక చేత్తో ముంగిస మెడ పట్టుకుంది. రెండో చేత్తో ప్రోబు తీసి దాని నడినెత్తిన పెట్టింది. అంతా నలుపు.

"డాక్టరు బాబూ, నీ లెక్కన ఇది కూడా ఖాళీయేగా?"

అలా మెడ పట్టుకునే గబ్బిలం మేడం దగ్గరికి తీసుకుపోయింది. మేడం కోప్పడలేదు. కత్తి ముంగిస చేతికే ఇచ్చింది. అరగంట సేపు ముంగిస ఎలుగమ్మ కడుపు మీద బొచ్చు గీకింది. గుజ్జు రాసింది. ప్రోబు ఆనించింది.

నలుపు విడిపోయింది. నడుమ గింజంత గుండె టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది.

ఎలుగమ్మ గట్టిగా ఏడ్చేసింది. ముంగిసకి కషాయం గిన్నె గుర్తొచ్చింది. ఒక్క గుక్క. తాత ఇంకాస్త మెల్లగా నడిచి ఉంటే, ఆ గుండె ఇప్పటికి ఆగిపోయేది. అది తలుచుకుని సిగ్గుతో తల దించుకుంది.

"ఇది పరీక్షలో వస్తుందా అని అడగవేం?" అంది మేడం.



అప్పుడు ఎలుగమ్మ కళ్ళు తుడుచుకుని కత్తి అందుకుంది. ముంగిస నెత్తి మీద నున్నగా గీకింది. గుజ్జు రాసింది. ప్రోబు పెట్టి చూసింది. అప్పుడూ నలుపే.

"అది పుర్రె ఎముక వల్లమ్మా" అని మేడం సర్దిచెప్పింది.

ఎలుగమ్మ నేటికీ ఆ మాట నమ్మలేదు.

నీతి: నీకు కనిపించనంత మాత్రాన లేదని తేల్చకు. నీ చూపుకి ఏది అడ్డమొచ్చిందో ముందు చూసుకో.