సొండివలస గెడ్డ ఒడ్డున తవిటమ్మకు ఆ పేరు వచ్చిన వైనం

ఈ కథ నాకు మొదట చెప్పిన మనిషి మా నాయనమ్మ చింతాడ ఆదెమ్మ. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. మాటలు కలపడం ఇతరుల పని, నాది కాదు.

సొండివలస గెడ్డ, అంటే మా ఊరి వాగు, ఒడ్డున చేట ఆకారంలో ఒక రాయి ఉన్నది. విగ్రహం లేదు, గోపురం లేదు. అదే తవిటమ్మ తల్లి గుడి. బిడ్డలు దక్కని వారు మంగళవారం నాడు పసికందును ఆ రాతి మీద పడుకోబెట్టి, తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు. ఆడపిల్లయితే తవిటమ్మ, మగపిల్లవాడయితే తవిటయ్య. తవుడంటే బియ్యం దంచితే రాలే పొడి, గొడ్లకు వేసేది. ఈ పేరు విని పట్నం వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ పేరు పెట్టేదే అందుకు.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే ఇల్లాలు ఉండేది. కన్న బిడ్డలందరూ పురిటిలోనే పోయారు. మళ్ళీ ఆడపిల్ల, మా వైపు మాటలో గుంట, పుట్టగా మంత్రసాని నీలమ్మ ఉపాయం చెప్పినది. "దీపాల యేలకి గుంటని సేటలో ఎట్టి గడప బయటెట్టు. నానొచ్చి ఎత్తుకుంటాను. తవుడు పోసి కొనుక్కో. తవుడుకి కొన్న గుంటని సావు కూడా ముట్టుకోదు."

అసిరమ్మ అలాగే పెట్టినది. ముసుగు కప్పుకున్న మనిషి వచ్చి చేట ఎత్తుకుని నిలబడినది. నీలమ్మే అనుకుని అసిరమ్మ లోపలికి పోయినది గానీ, తవుడు తీయడానికి చెయ్యి రాలేదు. నా మాలచ్చిమిని తవుడుకి కొనడమా అని, కొత్త బియ్యం దోసెడు తెచ్చి పోసినది. తప్పు అక్కడ జరిగినది.

"ఇంత ఇలువైన గుంటా? అయితే నాకే ఉండనీ" అన్నది ముసుగు మనిషి.

"సాల్లేయే నీలప్పా నీ యేళాకోళం! గుంటనిటియ్యి."

అంతలో వీధి చివర నుంచి నీలమ్మ గొంతు వినపడినది. "ఏటే అసిరీ, గుంటనింకా బయటెట్టనేదేటి?"

అసిరమ్మ అటు చూసి ఇటు తిరిగేసరికి గడప దగ్గర ఎవరూ లేరు.

ఏడుపు గెడ్డ వైపు నుంచి వస్తున్నది. తవుడు బుట్టతో ఇద్దరూ పరుగెత్తారు. ఇసుకలో ఒక్క అడుగు గుర్తు లేదు. ఏడుపు రాతి లోపలి నుంచి వస్తున్నది.

"ఏడిస్తే దక్కదే. తిట్టు, బాగా తిట్టు" అన్నది నీలమ్మ.

అసిరమ్మ కళ్ళు తుడుచుకుని తిట్టినది. "ఆ నల్లగుంట ఎవులికి కావాల? ఈనుపుల్ల కాళ్ళు, పీనుగు మొకం. దానికి తవుడు కూడా దండగే!" అని బుట్టెడు తవుడూ రాతి మీద కుమ్మరించినది.

"మరి పేరేటి?" అన్నది రాతిలోని గొంతు.

"దానికి పేరొకటా? తవుడు!"

ఏడుపు ఆగినది. తవుడు మీద బిడ్డ ఉన్నది, ఒళ్ళు రాయిలాగే చల్లగా. తెల్లవారాక గానీ పాలు తాగలేదు.

తవిటమ్మ బతికి ముసలిదయినది. కానీ తల్లి ఆమెను మళ్ళీ ముద్దుగా పిలవలేదు. పోయేటప్పుడు అసిరమ్మ కూతురి మొహం చూసి ఏదో అనబోయి, తన నోరు తానే చేత్తో మూసుకుని పోయినది.

రాతిలో ఉన్నది ఆ బిడ్డ కాదు, ఆ ముసుగు మనిషి. ఆమె పేరు ఎవరికీ తెలియదు గనక బిడ్డ పేరుతో మొక్కుతున్నాము. ఈనాటికీ అక్కడ బిడ్డను మెచ్చుకోరాదు, తిట్టాలి. అలా తిట్టి కొనుక్కున్న బిడ్డలు నిండు నూరేళ్ళు బతుకుతారు. మా ఊళ్ళో తవిటయ్యా అని కేకేస్తే వీధి వీధంతా పలుకుతుంది.

ఈ మధ్య గుడి కమిటీ వారు నన్ను అడగకుండా, మా నాయనమ్మ ఊసు లేకుండా, రాతి ముందు ద్వారం కట్టించి దాని మీద 'శ్రీ బంగారు తవిటమ్మ' అని రాయించారు. అది చదివి మొన్న ఒక తల్లి రాతి మీదున్న బిడ్డను బంగారూ అని పిలిచినది. ఆ బిడ్డ ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉన్నది. నాకు నిచ్చెన ఎక్కే సత్తువ లేదు. ఎవరైనా వచ్చే మంగళవారం లోపల ఆ 'బంగారు' అన్న మాట చెరిపించండి.