దీపావళి రోజున రమ్మంటే

"అమ్మా, వీళ్ళలో మందుల్ని పట్టుకుని ఉండేదెవరో, జారిపోయేదెవరో ముందే ఎలా కొలవాలి?" అని శరణ్య అడిగింది.

అడిగింది వసుంధరగారిని. ఆమె హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు మందులిచ్చే కేంద్రంలో పెద్ద కౌన్సెలరు. పసితనం నుంచీ ఆ మాత్రలతోనే పెరిగి, ఇప్పుడు కాలేజీలకూ పనులకూ పోతున్న కుర్రకారంతా ఆమె చేతి మీదుగా ఎదిగినవాళ్ళే. శరణ్య ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి కొత్తగా చేరింది.

"నువ్వెలా కొలుస్తున్నావు?" అన్నారు వసుంధరగారు.

శరణ్య దగ్గర కొలత సిద్ధంగానే ఉంది. చెప్పిన రోజుకు రావాలి, చెప్పింది వినాలి, మర్యాదగా ఉండాలి. ఆ లెక్కన గోవర్ధన్‌కు నూటికి నూరు. పాలిటెక్నిక్ చదివే ఆ అబ్బాయి తల వంచుకుని వస్తాడు, ఏం చెప్పినా "సరే మేడమ్" అంటాడు. బట్టల షాపులో పనిచేసే కావేరి పాసవడమే కష్టం. ఆ పిల్ల వచ్చిందంటే ఏదో ఒక పేచీ.

నోరెత్తని పిల్లకు మంచిపిల్ల అని బిరుదివ్వడం మనకు బళ్ళోనే అలవాటు చేస్తారు. ఆ బిరుదు మోస్తూనే ఎంతమంది చడీచప్పుడు లేకుండా మాయమయ్యారో ఏ బడీ చెప్పదు. శరణ్యదీ ఆ చదువే మరి.

వసుంధరగారు వాదించలేదు. "ఇవాళ ఇద్దరూ వస్తారుగా. నా పక్కన కూర్చో" అన్నారు.

ముందు కావేరి వచ్చింది. "వచ్చే నెల దీపావళి రోజు పొద్దున్నే రా తల్లీ" అన్నారు వసుంధరగారు. ఆ రోజు సెలవని శరణ్య చెప్పబోయింది కానీ, గురువుగారి మోచెయ్యి తగిలి ఊరుకుంది.

"దీపావళా? ఆ రోజు మీరే ఉండరు. మాత్రలైపోయాయని తాళంకప్పకు చెప్పుకోనా?" అంది కావేరి. "పైగా పండగ ముందు మా షాపులో ఊపిరాడదు. పండగయ్యాక సోమవారం పెట్టండి. అదీ మీరు టైముకొస్తేనే."

"నిజమే, పొరపాటు నాదే. మంచిదానివి, గుర్తుచేశావు."

"ఇదే పొరపాటు మేం చేస్తే అరగంట క్లాసు పీకుతారు" అంటూ మందులు తీసుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి గోవర్ధన్ వచ్చాడు. వసుంధరగారు అతనికీ దీపావళి రోజే చెప్పారు.

"సరే మేడమ్."

శరణ్య ఉలిక్కిపడి అతని వైపు చూసింది. వసుంధరగారు గొంతు తగ్గించి, "ఆ రోజు మాకు సెలవు నాయనా. వచ్చేవాడివైతే పండగ కదా అని అడిగేవాడివి" అన్నారు.

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "హాస్టల్లో చేరాక వేసుకోవడం మానేశాను మేడమ్. గదిలో నలుగురం. మాత్రల సీసా కనబడితే ఏం చెప్పను?"

"మరి ఇన్నాళ్ళూ తీసుకెళ్ళావుగా?"

"వద్దంటే మీరు బాధపడతారని."

శరణ్య నూరు మార్కులేసింది ఆ మర్యాదకే.

"చెప్పావు. అంతకంటే నువ్వు నాకు చేసే మేలు లేదు" అన్నారు వసుంధరగారు. "సీసా సంగతి మనం ఆలోచిద్దాం. ఇప్పుడే వెళ్ళి డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పు. గురువారం మళ్ళీ నాకు కనిపించు."

"సరే మే..." అని ఆగాడు. "గురువారం కుదరదు. ల్యాబ్ ఉంటుంది."

"శుక్రవారం?"

"పొద్దున్నయితే మా క్లాసువాళ్ళు ఈ దారినే పోతారు. మధ్యాహ్నం వస్తాను."

"మధ్యాహ్నం నా భోజనం వేళ కదయ్యా."

"తొందరగా తినేయండి మేడమ్."

ఆ మాటకు వసుంధరగారు హాయిగా నవ్వారు. "తింటాను నాయనా, తప్పకుండా తింటాను" అని, డాక్టరుగారి గది దాకా తోడు వెళ్ళి వచ్చారు.

ఆమె వచ్చి కూర్చోగానే శరణ్య, "ఆ పిల్ల గొడవ వినకపోయుంటే, ఈ అబ్బాయి 'సరే'లో ఏముందో నాకు తెలిసేదే కాదు. కావేరికి దండం పెట్టాలమ్మా" అంది.

"పెట్టు" అన్నారు వసుంధరగారు. "దానికీ ఏదో ఒకటి అంటుంది. విను."