పడినవారి పార

పడినవాళ్ళని చూసి నవ్వడం మీలో ఎంతమందికి వచ్చు? అందరికీ వచ్చు. మరి పడినవాళ్ళ పక్కన నిలబడటం ఎందరికి వచ్చు? జవాబు ఇప్పుడే చెప్పొద్దు. కథ విని చెప్పండి.

అనగనగా, కోట బురుజుల మీద ఇంకా నగారాలు మోగుతున్న కాలంలో, పెన్నేటి ఒడ్డున ఒక రాజ్యం. ఏలేది ఒక రాణి. ఆమె అంతఃపురానికి కాపలా కాసేది ఆడవాళ్ళే. అందుకని ఆ రాజ్యంలో ఆడపిల్లలు కుస్తీ పట్టేవారు. కుస్తీ పట్టే మట్టి గోతిని గోదా అంటారు. ఆ కోటలో గోదాలు రెండు.

ఒకటి సేనాపతి కట్టించింది. నున్నటి రాతి మెట్లు, పట్టు పందిరి, మట్టి తవ్వడానికి నౌకర్లు. అక్కడ సాధన చేసేది ఆయన కూతురు గిరిజాంబ. బుద్ధెరిగాక ఆమె వీపుకు మట్టి అంటలేదు.

రెండోది పాత గోడ పక్కన ఓబులమ్మది. ఆమె భర్త కుస్తీ నేర్పే వస్తాదు. ఆయన పోయాక గోదానూ, తల్లిలేని మేనకోడలు నాంచారినీ ఆమే సాకింది. ఆ గోదాకు ఒక ఆచారం ఉంది. సాయంత్రం పడినవాళ్ళు మర్నాడు పొద్దున్నే గోదా తవ్వాలి. పెళ్ళలు చిదపాలి, రాళ్ళు ఏరాలి, మజ్జిగ, పసుపు, నువ్వులనూనె కలిపి మట్టిని మెత్తన చేయాలి. గెలిచినవాళ్ళు గట్టు మీద కూర్చుని నానబెట్టిన శనగలు నములుతూ చూస్తారు.

అలాంటి గోదాకు ఆపద వచ్చింది. ఏనుగులకు కొట్టం చాలడం లేదట. "దసరాకు రెండు గోదాల పిల్లలూ తలపడాలి. ఓడిన గోదా చోట కొట్టం కడతాం" అని రాణి చాటింపు వేయించింది.

ఓబులమ్మ శిష్యురాళ్ళలో పెద్దవాళ్ళంతా అప్పటికే రాణి కొలువులో ఉన్నారు. కొలువువాళ్ళు పోటీకి దిగరాదు. మిగిలింది నాంచారి.

"కోడలా, నువ్వే దిగాలి" అంది ఓబులమ్మ.

కొలువులో ఉన్న అక్కలు సాయంత్రాలు వచ్చి నాంచారితో పట్టు పట్టేవారు. మొదటి సాయంత్రం నాంచారి పడింది. పొద్దున్నే పార పట్టింది.

గట్టు మీది అక్క శనగలు నములుతూ, "బాగా తవ్వు నాంచారీ. తవ్వాక సజ్జలు చల్లుదాం" అంది. అందరూ నవ్వారు. నాంచారి తల ఎత్తలేదు.

రెండోసారీ పడింది. "అత్తా, పడిన సిగ్గు చాలదా? పైగా ఈ పార ఒకటి ఎందుకు?"

"చెప్తే చెవులే వింటాయి. తవ్వితే ఒళ్ళంతా వింటుంది. తవ్వు" అంది ఓబులమ్మ.

మూడోసారి పడ్డప్పుడు నాంచారి పార విసిరికొట్టింది. "నా వల్ల కాదత్తా. నువ్వు రోజూ మొక్కే ఆంజనేయుడు కూడా గెలిచేవాళ్ళ వైపే ఉంటాడు."

 ఓబులమ్మ వంగి పార తీసి గోడవారగా ఆనించింది.

తెల్లవారింది. నాంచారి దుప్పటి ముసుగు తీయలేదు. ఈ పూట గోదా బీడుపడనీ, అనుకుంది. అంతలో చప్పుడు. పార మట్టిలో దిగే చప్పుడు. గెలిచిన అక్కలు తవ్వరు. మరి ఎవరు?

లేచి వెళ్ళి చూసింది. గోదాలో ఓబులమ్మ. పాత దెబ్బతో వంగని మోకాలిని పక్కకు చాపి, ఒంటికాలి మీద బరువు మోస్తూ తవ్వుతోంది.

 "నువ్వెప్పుడు పడ్డావత్తా?"

"నా శిష్యురాలు పడిందిగా. అందులో నాకు వాటా లేదా?" అంది ఓబులమ్మ, పార ఆపకుండానే. "నిన్న దేవుడి మాట ఎత్తావు. ఆయన మాత్రం పడలేదా? సూర్యుణ్ణి పట్టబోయి ఆకాశం మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్నవాడే. పడినవాళ్ళ బాధ ఆయనకు ఒకరు చెప్పాలా?"

నాంచారి గోదాలోకి దిగి అత్త చేతిలో పార అందుకుంది. ఆ పొద్దు నుంచి తల వంచుకుని తవ్వలేదు, మట్టిని చూస్తూ తవ్వింది. ఎక్కడ పాదం జారుతుందో, ఎక్కడ నిలుస్తుందో అరికాళ్ళకు తెలిసొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని పెళ్ళలు చిదిపి లేచీ లేచీ, ఆ లేచే బలం నడుముకు పట్టింది.

దసరా వచ్చింది. ముందురోజు వాన కురిసింది. కోట ముందర కొత్తగా తవ్వించిన గోదాలో ఇద్దరూ దిగారు. వీపు నేలకు తగిలితే ఆ పట్టు ఓడినట్టు. మూడు పట్లలో రెండు గెలిచినవాళ్ళదే గెలుపు.

మొదటి పట్టులో నాంచారి కాలు జారింది. వీపు నేలకు తగిలింది.

"ఇంతేనా? మా ఇంట్లో చీపురు ఇంతకన్నా గట్టిగా నిలబడుతుంది" అంది గిరిజాంబ.

నాంచారి లేచి రాణికి దణ్ణం పెట్టింది. "అమ్మా, ఏలినవారు ఒక పార ఇప్పించాలి. పడిన చోటు తవ్వడం మా గోదా ఆచారం."

జనం గొల్లుమన్నారు. "తవ్వుకో, నీ గొయ్యి నువ్వే" అంది గిరిజాంబ. రాణి నవ్వలేదు. పార తెప్పించింది.

నాంచారి తవ్వింది. పైమట్టి ఎండకు ఆరి పొడిగానే ఉంది. తూర్పు పక్క దాని అడుగున వాననీళ్ళు పట్టిన బంకమట్టి. పడమటి పక్క గట్టి నేల. ఒళ్ళంతా విన్నది.

రెండో పట్టులో పడమటి పక్కనే కాళ్ళు పాతి నిలబడింది. గిరిజాంబ తూర్పు నుంచి దూకబోయింది, జారింది, పడింది.

జన్మలో మొదటిసారి పడటం. దెబ్బ పెద్దది కాదు. అయినా ఆమె లేవలేదు. మట్టిలో చతికిలబడి అరచేతులు చూసుకుంటోంది. ఎలా లేవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు మరి. ఇద్దరికీ చెరో పట్టు. మూడో పట్టుకు ఆమె లేవకపోతే చాలు, గెలుపు నాంచారిదే, గోదా ఓబులమ్మదే.

నాంచారి గట్టు మీదున్న అత్త వైపు చూసింది. ఓబులమ్మ ఏ సైగా చేయలేదు. మోకాలు చాపి కూర్చునుంది, అంతే.

నాంచారి పార తెచ్చి గిరిజాంబకు అందించింది. "లే అక్కా. ఇప్పుడు నీ వంతు. ఈ పక్క అడుగున బంక ఉంది, తవ్వి చూసుకో."

గిరిజాంబ పార వైపు చూసింది, ఆమె వైపు చూసింది. పార పట్టడం కూడా రాలేదు. నాంచారే ఆమె చేతులు సరిచేసింది. ఇద్దరూ కలిసి ఆ చోటు తవ్వారు. ఈసారి జనంలో నవ్వు లేదు.

మూడో పట్టు చాలాసేపు సాగింది. నేల మర్మం ఇద్దరికీ తెలుసు. ఒక దశలో గిరిజాంబ బలమంతా పెట్టి నాంచారిని మోకాళ్ళ మీదికి తెచ్చింది. అయిపోయిందన్నారు అందరూ. కానీ మోకాళ్ళ మీంచి లేవడం నాంచారికి ప్రతి పొద్దుటి పనే కదా. బరువుతో సహా లేచింది. గిరిజాంబ వీపు నేలకు తగిలింది.

రాణి లేచి నిలబడి, "ఓబులమ్మ గోదాను ఎవరూ ముట్టరాదు. చాటింపు ప్రకారం కొట్టం సేనాపతి గోదా చోటే" అంది.

మర్నాడు ఓబులమ్మ గోదాలో పార చప్పుడు. నాంచారి పరుగున వచ్చి చూస్తే గిరిజాంబ, ఎవరూ పిలవకుండానే వచ్చి, ఒళ్ళంతా మట్టితో తవ్వుతోంది. గట్టు మీద గెలిచినవాళ్ళ శనగలు నాంచారి కోసం సిద్ధంగా ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడనైనా చూడలేదు. రెండో పార తీసుకుని గోదాలోకి దిగింది.

నీతి ఇది: పడిన చోటు తవ్వుకున్నవాడికి నేలే గురువు, పక్కన నిలబడి తవ్వే మనిషి దొరికితే ఆ మనిషే దైవం.

ఇక నా మొదటి ప్రశ్నకు జవాబు నోటితో వద్దు. మీ ఇంట్లో, మీ బడిలో, మీ ఆటలో ఈ వేళ ఎవరు పడ్డారో చూడండి. లేచి వెళ్ళి వాళ్ళ పక్కన పార పట్టండి.